దంపతులకు తొలి వేటపడవ

అమెరికా దేశమునకు దక్షిణమున, మెక్సికో సింధుశాఖ నొరసికొని 360 మైళ్లకు పైగా సాగిన టెక్సాసు తీరము చాలవరకు కడలికి నేరుగా ఎదురొడ్డి నిలిచినది కాదు. సముద్రమునకును నేలకును నడుమ గాల్వెస్టను, ముస్టాంగు, పాద్రే మొదలైన సన్నని ఇసుకదీవులు బారులు తీరియుండగా, వాని చాటున, మన శ్రీహరికోట దీవి వెనుక పులికాటు సరస్సు ఉన్నట్లే, ఉప్పునీటి ఖాతములు విశాలముగా, ఆశ్చర్యము గొలుపునంత లోతు తక్కువగా పరచుకొని యున్నవి. గాల్వెస్టను ఖాతము చూచుటకు మహాజలమే గాని దాని సగటు లోతు 7 అడుగుల కించుమించు మాత్రమే. ఆ ఖాతముల అంచులలో, మోకాలిలోతు నీట సముద్రపుగడ్డి పెరిగిన తావులలో, రాగివన్నె ఒడలును తోకమొదట నల్లని చుక్కయు గల రెడ్‌ఫిష్ అను చేప, పీతలను రొయ్యలను వెదకికొనుచు తలక్రిందుగా తిరుగునపుడు, దాని తోక నీటిపై కదలుట దూరమునకే కనబడును. యంత్రపు పడవ అచ్చటికి పోజాలదు. పోయినను ఆ చప్పుడునకు చేప నిలువదు. కొలది అంగుళముల నీరున్నను తేలి, సడిలేక జారిపోవు కయాకు అను తెడ్డుపడవయే అచ్చటికి తగిన వాహనము.

హ్యూస్టను, డాలసు, ఆస్టిను నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పిల్లలు పెద్దవారై చదువులకు వెడలిపోగా సెలవుదినములు తిరిగి తమ చేతికి వచ్చిన దంపతులు కొందఱు ఈ నీళ్లవైపు చూచుచున్నారు. గోదావరి లంకలలోనో, కొల్లేటి ఒడ్డుననో బాల్యమున గాలము వేసిన భర్తకు ఆ కోరిక నెమరునకు వచ్చుటయు, భార్య తానును వచ్చెదననుటయు, అంతట ఇద్దఱును కలిసి దుకాణమునకు పోవుటయు జరుగుచున్నది. అచ్చటి సంభాషణ సాధారణముగా పొడవు, వెడల్పు, ధర అను లెక్కలతో ఆరంభమగును. ఆ లెక్కలు కావలసినవే. వానిని గూర్చి చెప్పుదును. కాని వానికన్న ముందు ఆ దంపతులు ఇంటిలోనే, తీరికగా, ఒకరి మాట ఒకరు వినుచు తేల్చుకొనవలసిన విషయ మొకటి యున్నది. ఒక్క పడవలో ఇద్దఱును ముందువెనుకలుగా కూర్చుండుటయా, లేక చెఱియొక పడవలో ప్రక్కప్రక్కన సాగుటయా? ఇది తేలిన పిదప తక్కిన లెక్కలన్నియు సులభములు. ఇది తేలక కొన్న పడవ ఎంత మంచిదైనను ఇంటి వెనుక గోడకు చేరగిలబడి యుండును. కావున ఈ ప్రసంగమున అధికభాగము దీనికే కేటాయించుచున్నాను.

కయాకు పుట్టుకయే ఏకాకి యైన వేటగాని కొఱకు. ఉత్తరధ్రువ ప్రాంతమున వసించు ఇన్యూయిట్ జనులు, చెట్లు మొలవని ఆ మంచునేలలో, సముద్రము కొట్టుకొని తెచ్చిన కఱ్ఱలతోను జంతువుల ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలుజంతువు తోలు బిగించి కుట్టి, నడుమ ఒక్క మనిషి నడుము పట్టునంత రంధ్రము మాత్రము విడిచి, ఆ పడవను దాని యజమాని ఒడ్డుపొడవులకు దర్జీ అంగరఖా కుట్టినట్లు కుట్టుకొనిరి. కుటుంబమును, సామగ్రిని తరలించుటకు వారికి ఉమియాక్ అను విశాలమైన వేఱొక పడవ యుండెడిది. అలాస్కాకు పడమట నున్న అలూషియన్ దీవులవారు మాత్రము రెండు రంధ్రముల కయాకులను కూడ నిర్మించిరి. అందు ముందు కూర్చున్నవాడు సముద్రపు నీటికుక్కపై ఈటె విసరువాడు. వెనుక కూర్చున్నవాడు తెడ్డు వేయుచు పడవను నిలకడగా నుంచువాడు. ఇద్దఱును ఒకేమాఱు వేటాడుట ఆ పడవ ఉద్దేశము కాదు. చలిసముద్రములో ప్రాణములొడ్డి జీవించిన ఆ జనుల అనుభవమున తేలిన ఈ పనివిభాగము నేటి దంపతులకు మిక్కిలి ఉపయోగకరమని నేను నమ్ముచున్నాను.

పడవ తరహా విషయమున మాత్రము పెద్దచర్చ అక్కఱలేదు. లోపల కాళ్లు చాచుకొని కూర్చుండునట్టివి, పైన కూర్చుండునట్టివి అని కయాకులు రెండు విధములు. రెండవ విధమునకు ఆధునికరూపము దక్షిణ కాలిఫోర్నియాలోని మాలిబూ తీరమున 1970ల దశకమున ఏర్పడినది. టిమ్ నీమియర్ అను యువకుడు తన ఈతసామగ్రి పెట్టుకొనుటకై అలలపై జారు పలకను తొలిచి చేసిన ప్రయోగమునుండి అది పెరిగినది. అయితే పైన కూర్చుండుట, నీటిని నిలువనీయక పోనిచ్చుట అను సూత్రము విశాఖ, శ్రీకాకుళ తీరముల మన జాలరులకు తరతరములుగా తెలిసినదే. నాలుగైదు దుంగలు తాళ్లతో బిగించి కట్టిన తెప్పపై అల ఎక్కును, దుంగల సందులనుండి దిగిపోవును; నీరు నిండుటకు దానిలో తొట్టి యనునది లేదు గనుక అది మునుగుట యనునది లేదు. నేటి ప్లాస్టికు కయాకులో దుంగలకు బదులు లోపల గాలి నిండిన మూతపడ్డ బోలుదేహ మున్నది. సందులకు బదులు అడుగువఱకు తొలిచిన నీటిరంధ్రము లున్నవి. అది బోల్తాపడినచో త్రిప్పి ఎక్కి కూర్చుండవచ్చును. లోపల కూర్చుండు కయాకు బోల్తాపడినచో దాని కడుపు నీటితో నిండును, ఆ నీరు తోడిపోయనిదే అది పనికిరాదు. తొలిపడవ కొనువారు, అందును మనలో అనేకులవలె పెద్దవయసువఱకు ఈత నేర్వనివారు, పైన కూర్చుండు తరహా తప్ప మఱొకటి చూడనే వలదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఒక్క పడవ పక్షమున చెప్పదగినవి లేకపోలేదు. రెండు పడవలకన్న ఒక్కదానికి వ్యయము తక్కువ. కారుపై కట్టవలసినది ఒక్కటే. ఇద్దఱు తెడ్లు వేయు పొడవైన పడవ ఎదురుగాలిలో ఒంటరి పడవకన్న వేగముగా సాగును. ఒకరి బలము హెచ్చు, ఒకరిది తక్కువ అయినను దూరము పెరిగి ఒకరు వెనుకబడుట యుండదు. తనకు నీరు కొత్త, భయము, ఒంటరిగా ఒక పడవను నడపజాలను అనువారికి భర్తయో భార్యయో వెనుకనే యున్నారను ధైర్యము చిన్నది కాదు. మాటాడుకొనుచు పోవచ్చును. ఇవన్నియు నిజములే.

అయినను గాలము చేతబట్టిన క్షణమున పరిస్థితి మాఱిపోవును. ఇద్దఱు కూర్చుండు కయాకులో ఒక ఆసనమునకును మఱియొక ఆసనమునకును ఎడము మూడు నాలుగడుగులే. గాలపుబద్ద ఏడడుగుల పొడవు. ఎరను దూరముగా విసరుటకై వెనుకకు త్రిప్పినపుడు మూడుకొక్కెముల గాలము వెనుకనున్నవారి ముఖమునకు జానెడు దూరమున తిరుగును. "ఏమండీ, విసరుటకు ముందు ఒక్కమాట చెప్పి విసరుడు" అను హెచ్చరిక ప్రతి అయిదు నిమిషములకును వినబడుచునే యుండును. ముందువారు ఎడమవైపున చేపను చూచి పడవ త్రిప్పుమందురు. వెనుకవారికి అదే సమయమున కుడివైపున తీగ బిగిసియుండును. ఒకరికి ఈ మడుగులో ఇంకొక గడియ నిలువవలెనని యుండును, ఒకరికి ఆ మూలకు పోవలెనని యుండును. తెడ్లు ఒకే తాళమున పడనిచో ఒకదాని నొకటి కొట్టుకొనును. అమెరికాలోని పడవవారు ఈ ఇద్దఱి కయాకునకు 'విడాకుల పడవ' అని పరిహాసముగా పేరుపెట్టినారు. ఆ పేరు నాకు రుచింపదు. తప్పు దంపతులది కాదు, పడవది కూడ కాదు. ఇద్దఱును వేటగాండ్రుగా ఒక్క పడవ ఎక్కుటయే తప్పు. అలూషియన్ దీవులవారు ఆ పని చేయలేదని ఇంతకుముందే చెప్పితిని.

రెండు పడవల పక్షమున నాకు అన్నిటికన్న బలముగా తోచు కారణము వేటకు సంబంధించినది కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది. ఇద్దఱి పడవ బోల్తాపడినచో ఇద్దఱును ఒకేసారి నీటిలో నుందురు. పడవను పట్టుకొని నిలుపువారు పైన ఎవ్వరును ఉండరు. రెండు పడవలున్నచో ఒకరు పడినప్పుడు మఱొకరు పొడిగా, స్థిరముగా ప్రక్కకు వచ్చి, ఆ పడవ అంచును రెండుచేతులతో తమ పడవకు అదిమి పట్టుకొందురు. అంతట రెండు పడవలు కలిసి ఒక విశాలమైన బల్లకట్టుగా మాఱును. నీటిలో ఉన్నవారు అవతలిప్రక్కనుండి, నడిమిభాగమున అంచును పట్టుకొని, కాళ్లు ఆడించి ఒడలిని నీటిమట్టమునకు తెచ్చుకొని, మొదట పొట్టపై అడ్డముగా ప్రాకి, పిదప వెల్లకిల తిరిగి ఆసనమున కూర్చుండి, కడపట కాళ్లు లోనికి తీసికొందురు. ఒంటరిగా ఈ పని చేయుటకు బలమును ఒడుపును కావలెను. ప్రక్క పడవవారు పట్టుకొన్నచో సామాన్యమైన బలముగల ఎవరైనను చేయగలరు. నీటిపై ఒకరికొకరు తోడుండుట యనగా ఒకే పడవలో కూర్చుండుటయే యని చాలమంది తలంతురు. పిలిచిన వినబడు దూరమున మఱొక పడవలో నుండుటయే గట్టితోడు.

కావున ఇద్దఱికిని చేపలవేటపై ఆసక్తి యున్నయెడల, ఇద్దఱును తమంతట తాము అరగంటసేపు తెడ్డు వేయగలిగినయెడల, రెండు సామాన్యమైన ఒంటరి కయాకులు కొనుడని నేను నిస్సంకోచముగా చెప్పుదును. ఒక గొప్ప జంటపడవకు పెట్టు ధనముతో రెండు సాదా పడవలు వచ్చుట కలదు. ఒకరికి మాత్రమే గాలముపై మక్కువ యుండి, రెండవవారికి కొంగలను, గుంపులుగా ఎగురు గూడబాతులను చూచుచు, ఛాయాచిత్రములు తీయుచు కూడ రావలెనని మాత్రమే యున్నచో, లేక ఒకరికి భుజముననో నడుముననో దీర్ఘకాలపు బాధ యున్నచో, అప్పుడు జంటపడవ మంచిది. అప్పుడును ఆసనములు జరుపుటకు వీలుండి, ఒక్కరే పోవునపుడు నడుమ కూర్చుండి నడపదగిన రకమునే ఎంచుకొనవలెను. అందు వేటాడువారు ముందు అణియమున, నడపువారు వెనుక అమరమున కూర్చుండవలెను. పడవ దిశ మార్చు శక్తి వెనుకవారి తెడ్డుకే అధికము. తాళము నిర్ణయించునది ముందువారి తెడ్డు, ఏలయన వెనుకవారికి అది కనబడును. బరువు హెచ్చైనవారు ముందు కూర్చున్నచో అణియము నీట దిగి పడవ మొండికెత్తును గనుక, వేటగాడు స్థూలకాయుడైనచో సామగ్రి యంతయు వెనుకకు చేర్చి సరిచూచుకొనవలెను.

కొలతలకు వత్తము. ఒంటరి వేటపడవకు 10 నుండి 12 అడుగుల పొడవు, 30 నుండి 34 అంగుళముల వెడల్పు తొలినాళ్లకు తగినవి. వెడల్పు హెచ్చిన కొలది కూర్చున్న క్షణమున నిలకడగా తోచును. కాని ప్రతి అంగుళమునకును తెడ్డువేయు చేతులు మూల్యము చెల్లించును. పొడవు హెచ్చిన కొలది వేగము హెచ్చును, మలుపు కష్టమగును. ఇక్కడ దంపతులకు ప్రత్యేకమైన సూక్ష్మ మొకటి యున్నది: రెండు పడవలును ఒకే పొడవువి కావలెను. భర్తకు 12 అడుగుల పడవయు, భార్యకు చిన్నది చాలునని 9 అడుగుల పడవయు కొనుట నేను చూచిన అన్యాయములలో ఒకటి. బలము తక్కువగా నున్నవారికే నెమ్మదిగా పోవు పడవ నిచ్చి, ఆపై వెనుకబడుచున్నారని నిందించుట న్యాయమా?

మోయగల బరువు విషయమున దుకాణపు చీటీని అక్షరాల నమ్మరాదు. ఆ సంఖ్య సాధారణముగా పడవ తేలియుండు గరిష్ఠభారము. సుఖముగా, స్థిరముగా నడచు భారము అందు ఇంచుమించు 70 శాతము. ఒక లెక్క చూతము. భర్త 80 కిలోలు, భార్య 62 కిలోలు, నీళ్లు, మంచుపెట్టె, గాలములు, లంగరు మొదలైనవి 25 కిలోలు, మొత్తము 167. జంటపడవ చీటీపై 200 కిలోలని యున్నచో చాలునని తోచును. కాని అందు 70 శాతము 140 మాత్రమే. సామగ్రి మాట అటుంచి ఆ ఇద్దఱి బరువే దానిని దాటినది. అట్టి పడవలో నీటిరంధ్రములనుండి నీరు దిగిపోవుటకు మాఱు పైకి ఉబికివచ్చును, దంపతులు దినమంతయు నీటిలో నానుచు కూర్చుందురు, చిన్న అలకే పడవ తూలును. అదే రెండు పడవలైనచో, 80 కిలోల మనిషి 15 కిలోల సామగ్రితో ఎక్కుటకు 136 కిలోల పడవయు, 62 కిలోల మనిషి 10 కిలోల సామగ్రితో ఎక్కుటకు 103 కిలోల పడవయు చాలును. అట్టివి సులభముగా దొరకును.

పడవ బరువును గూర్చి కొనునపుడు ఎవ్వరును తగినంత ఆలోచింపరు. పాలిథిలీను పొడిని తిరుగు అచ్చులో కరగించి పోతపోసిన ఈ పడవలు గట్టివే గాని తేలికవి కావు. ఒంటరిది 22 నుండి 32 కిలోలు, జంటది 27 నుండి 45 కిలోలవఱకు తూగును. ఉదయమున ఉత్సాహముతో ఎత్తుట వేఱు; ఆఱు గంటలు ఎండలో తెడ్డు వేసి, ఉప్పునీటితో తడిసి, ఆకలిగొని, భుజములు సడలిన తరువాత కారుపైకి ఎత్తుట వేఱు. అప్పటి శక్తికి తగినదే కొనవలెను. కారు పైకప్పు ఎంత మోయగలదో దానితో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. కడ్డీల బరువును కూడ అందు చేర్చి లెక్కించుకొనవలెను. నడిమి పట్టీలు మాత్రమే గాక, ముందు కొనకును వెనుక కొనకును తాళ్లు కట్టనిదే రహదారి నెక్కరాదు. రేవువఱకు దొర్లించుటకు రెండు చక్రముల చిన్నబండి యొకటి కొన్నచో ఒకరి నడుమును మఱొకరు తైలముతో రుద్దవలసిన అవసరము తగ్గును.

కాళ్లతో త్రొక్కి నడపు కయాకులు వేఱే యున్నవి. 1997లో హోబీ సంస్థ పెంగ్విను రెక్కల కదలికను అనుసరించి చేసిన యంత్రాంగముతో అవి ప్రసిద్ధికెక్కినవి. చేతులు రెండును గాలమునకే మిగులుట గొప్పసౌకర్యమనుట నిశ్చయము. కాని ధర అనేక రెట్లు, బరువు హెచ్చు, గడ్డి పెరిగిన మోకాలిలోతు నీట రెక్కలు చిక్కుకొనును. తొలిపడవగా అవి వలదు.

ఇప్పుడు, ఎంచుకొనువా రెవరు? నా దృష్టిలో నిర్ణయాధికారము ఇద్దఱిలో నీరన్న ఎవరికి హెచ్చు జంకో వారికే చెందవలెను. ఉత్సాహవంతులకు ఏ పడవయైనను నచ్చును. జంకుగలవారు నమ్మకముతో ఎక్కగలిగిన పడవయే రెండవ వారమును, మూడవ వారమును కూడ నీటిలో దిగును. ఆ నమ్మకము దుకాణపు నేలపై కూర్చుండి చూచిన కలుగదు. గంటలెక్కన పడవలు అద్దెకిచ్చువారు గాల్వెస్టను ప్రాంతమునను, ఆస్టిను నగరమధ్యపు చెఱువునను ఉన్నారు. ఒకదినము జంటపడవలో ముందువెనుకలు మార్చుకొనుచును, మఱొకదినము చెఱియొక పడవలోను తిరిగి చూడుడు. తిరుగునపుడు వేటను గూర్చి మాటాడక, ఎవరికి నడుము నొచ్చినది, ఎవరికి తూలినట్లు తోచినది, ఎవరికి ఒంటరిగా నున్నప్పుడు హాయి కలిగినది అని ఒకరి నొకరు అడుగుడు. పిదప ఒడ్డుదగ్గఱ, నడుములోతు నీట, వేసవి దినమున, కావలెనని పడవను బోల్తాకొట్టి ఎక్కుట నేర్చుకొనవలెను. మొదటిసారి ముక్కులోనికి నీరు పోవును, గుండె దడదడలాడును. మూడవసారికి నవ్వు వచ్చును. ఈ అభ్యాసము చేయక గాలము పట్టుట నేను హర్షింపను.

లైఫ్‌జాకెట్టు మాట. పదమూడేండ్లు నిండని పిల్లలు పడవ సాగుచుండగా దానిని తొడుగుకొనియే యుండవలెనని టెక్సాసు శాసనము. పెద్దవారికి మనిషికొకటి పడవలో అందుబాటున నుండిన చాలునని శాసనము తృప్తిపడును. నేను తృప్తిపడను. పడవ బోల్తాపడిన క్షణమున అందుబాటున నున్న జాకెట్టు గాలికి కొట్టుకొనిపోవును. వెనుకభాగము పైకి కత్తిరించి వీపుక్రింద జల్లెడగుడ్డ వేసిన తరహా దొరకును. ఎత్తైన ఆసనమున చేరగిలబడినను అది అడ్డురాదు. దానికొక ఈల తగిలింపుడు. శీతకాలమున మఱింత జాగ్రత్త కావలెను. అతిశీతలజలమున పడినవారికి ఊపిరి అదుపులోనికి వచ్చుటకు ఒక నిమిషము, చేతులుకాళ్లు పట్టుతప్పుటకు పది నిమిషములు, ఒడలు చల్లబడి తెలివి తప్పుటకు ఒక గంట ఇంచుమించుగా పట్టునని కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యులు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ బోధించినారు. ఆ నడిమి పది నిమిషములలో పడవ ఎక్కగలుగుటయే మనము వేసవిలో నేర్చిన విద్యకు ప్రయోజనము. టెక్సాసు ఖాతములు అంత చల్లనివి కాకున్నను, జనవరిలో ఆ నీరు మన ఎముకలకు చల్లనిదే.

పడవకు పెట్టగా మిగిలిన ధనమును తెడ్డుపై పెట్టుడు. దినములో కొన్ని వేలసార్లు ఎత్తిదించు వస్తువు అదియే. అల్యూమినియపు తెడ్డునకును గాజునారతో చేసినదానికిని భేదము చేతిలో కొలది తులములే యని తోచినను సాయంకాలమునకు భుజములకు అది తెలియును. వెడల్పైన వేటపడవలకు 240 సెంటీమీటర్ల పొడవు ఇంచుమించుగా సరిపోవును. తెడ్డును పడవకు ఒక సన్ననిత్రాడుతో కట్టియుంచుట మఱవరాదు. లంగరు విషయమున ఒక్క నిషేధము మాత్రము గట్టిగా చెప్పవలెను: ప్రవాహమున్నచోట పడవ నడిమిప్రక్కనుండి లంగరు వేయరాదు. త్రాడు బిగిసినపుడు నీరు పడవను ప్రక్కకు ఒరగదోసి, అంచును క్రిందికి లాగి, ముంచివేయును. అణియమునుండి గాని అమరమునుండి గాని మాత్రమే, కప్పీతో జరుపుకొను త్రాటి సాయమున వేయవలెను. మోకాలిలోతు బురదలోనైతే లంగరే అక్కఱలేదు. పొడవైన గడనొకటి దిగగొట్టి కట్టుకొన్న చాలును. పడవ దిగునపుడు అడుగు దళసరియైన జోడు తప్పనిసరి, ఏలయన అచ్చటి ఆలిచిప్పల దిబ్బలు కత్తులకన్న పదునైనవి. ఇసుకలో దాగి తోకముల్లుతో పొడుచు టేకుచేపపై కాలు పడకుండుటకై, అడుగెత్తి వేయక, పాదములు నేలపై ఈడ్చుచు నడువవలెను.

టెక్సాసులో తెడ్డుతో నడచు కయాకునకు రిజిస్ట్రేషను అక్కఱలేదు. మోటారు తగిలించినచో కావలెను. గాలమునకు మాత్రము చేపలవేట లైసెన్సును, ఉప్పునీటి వేటకు ప్రత్యేకపు అనుమతియు రాష్ట్రపు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖనుండి పొందవలెను. అవి మనిషికి గాని పడవకు గావు గనుక, ఇద్దఱును వేటాడినచో ఇద్దఱికిని కావలెను. రెడ్‌ఫిష్ 20 అంగుళములకు తక్కువైనను, 28 అంగుళములకు మించినను సాధారణముగా తిరిగి నీట విడువవలెను. చిన్నవి పెరుగుటకు, పెద్దవి గ్రుడ్లు పెట్టుటకు ఈ నియమము. నియమములు మాఱుచుండును గనుక ఆ యేటి పుస్తకము చూచుకొనవలెను. ఈ కట్టుబాట్లు విసుగు పుట్టించునవిగా తోచవచ్చును. కాని వలలతో విచ్చలవిడిగా పట్టి అమ్ముట వలన ఆ చేప తరిగిపోవుచుండగా, 1981లో టెక్సాసు శాసనసభ దాని విక్రయమును నిషేధించి గాలపువేటకే పరిమితము చేయుటవలననే నేడు మన దంపతులకు ఆ రాగివన్నె తోక కనబడుచున్నది. మోకాలిలోతున తిరుగువారు ఆ గడ్డిని త్రొక్కి పెకలింపక సాగుట కూడ అందులోని భాగమే.

క్రొత్తపడవయే కొనవలెనన్న నియమము లేదు. ఒకటి రెండేండ్లు వాడి అమ్మివేయువారు అనేకులుందురు, పైన చెప్పినట్లు ఇంటిలో తేల్చుకొనకయే కొన్నవారు వారిలో కొందఱు. పాతదానిని చూచునపుడు పైమెఱుగు చూడక, అమరపు అడుగును, నీటిరంధ్రముల లోపలి అంచులను, ఆసనము క్రింది మూలలను వ్రేలితో తడిమి చూడుడు. నేలపై ఈడ్చిన పడవ అడుగున అరుగును, రెండు చక్రముల బండి కొమ్ములు దూర్చిన నీటిరంధ్రము బీటవారును. పైమూత తెఱచి ఒక బక్కెట్టు నీరు లోపల పోసి, పడవను అటునిటు ఒరగించి, ఎచ్చటనైనను చెమ్మ బయటికి వచ్చుచున్నదేమో కనిపెట్టుడు. ఏండ్లతరబడి ఎండలో పడియున్న ప్లాస్టికు వెలిసిపోయి పెళుసెక్కును; దానిని ఎంత చౌకయైనను తీసికొనరాదు.

తొలిదినములకు హ్యూస్టనువారికి నగరపు అంచుననే యున్న ఆర్మండ్ బయూ అను నెమ్మదియైన ఏఱును, గాల్వెస్టను దీవిలోని స్టేట్ పార్కు వెనుకనున్న గుర్తులు పెట్టిన తెడ్డుమార్గములును చక్కగా సరిపోవును. దక్షిణమున ఆరాన్సస్ పాస్ దగ్గఱ లైట్‌హౌస్ లేక్స్ అను మడుగుల సముదాయము ఇంకను రమ్యమైనది గాని, మడచెట్ల నడుమ దారులన్నియు ఒకే తీరున కనబడును గనుక కొంత అలవాటైన పిదప పోవుట మేలు. ఆ తీరమున ఏడాదిలో హెచ్చుకాలము వీచునది ఆగ్నేయపు గాలి. మధ్యాహ్నమునకు అది బలమెక్కును. గంటకు 15 మైళ్లు మించు గాలి చెప్పినదినమున క్రొత్తవారు నీట దిగనేరాదు. బయలుదేఱునపుడు ఎదురుగాలికి తెడ్డు వేసి పొండు. తిరుగు ప్రయాణము గాలివాలున నుండవలెను. ఎవరు ఎక్కడికి పోయినారో, ఎప్పటికి వత్తురో ఒడ్డుననున్న ఒకరికి చెప్పిపోవలెను. శీతకాలమున ఉత్తరపుగాలి వచ్చునని వాతావరణ శాఖవారు చెప్పినయెడల ఆ దినము ఇంటనే యుండుడు. ఆ గాలి గంటలోపల చలిని తెచ్చుటయే గాక ఖాతములోని నీటిని సముద్రమునకు నెట్టివేయును, ఉదయమున తేలివచ్చిన దారి సాయంకాలమునకు బురదగా మిగులును.